ఫోటో ఇంటిపేరు చెరపకండి

పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో ఆల్బమ్ డిజైనర్ల గదుల్లో అర్ధరాత్రి దాటినా లైట్లు ఆరవు. ఒక్కో లగ్గానికి ఇద్దరు ముగ్గురు ఫోటోగ్రాఫర్లు, నాలుగైదు వేల ఫోటోలు. ఒక్కొక్కటిగా తెరిచి సరిచేసే తీరిక ఎవరికుంది? అందుకే బ్యాచ్ ప్రాసెసింగ్. ఫోల్డర్ మొత్తాన్ని సాఫ్ట్‌వేర్‌కి అప్పగించి రంగు సరిచెయ్యమనీ, సైజు తగ్గించమనీ, జేపెగ్‌గా మార్చమనీ ఒక్కసారి చెబితే చాలు, టీ తాగి వచ్చేసరికి పని పూర్తవుతుంది. పద్దెనిమిదేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. బ్యాచ్ లేకపోతే మా బతుకు నడవదు. నా అభ్యంతరమంతా ఆ బ్యాచ్‌లోనే కలిపి చేసేస్తున్న ఇంకో పని మీద. కెమెరా ఇచ్చిన పేరును తుడిచేసి, పెళ్లికూతురి పేరూ పెళ్లికొడుకు పేరూ కలిపి, పక్కన 001, 002 అని వరుస అంకెలు వేసేస్తున్నారు.

ఇది తప్పని ఎవరితోనైనా అంటే వింతగా చూస్తారు. మా వృత్తిలో ఇప్పుడు చెల్లుబాటయ్యే వాదన ఇలా సాగుతుంది. కెమెరా పెట్టే పేరుకు అర్థం లేదు. డీఎస్‌సీ_4417 అంటే ఎవరికి ఏం తెలుస్తుంది? కస్టమర్ చేతికి వెళ్లే ఫైలుకు ముచ్చటైన పేరుండాలి. తీసిన తేదీ, సమయం ఫైలు లోపలే ఉంటాయి కాబట్టి పేరు పోయినా నష్టం లేదు. రేపు ఏ ఫోటో కావాలన్నా మొహం చూసి వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్లు వచ్చేశాయి. కొత్తగా పని నేర్చుకునే పిల్లలకు మొదటి వారంలోనే ఈ పాఠం చెబుతున్నారు. ఈ పాఠంలో ఒక్క వాక్యమూ నిలవదని నా వాదన.

ఏడేళ్ల కిందటి సంగతి. అప్పుడు నేను వేరే ల్యాబులో పనిచేసేవాణ్ని. ఒక పెద్దాయన కూతురి పెళ్లి ఆల్బమ్ పట్టుకొని వచ్చాడు. పెళ్లయిన కొన్నాళ్లకే ఆయన భార్య చనిపోయింది. అప్పగింతల వేళ కూతురి తలమీద చెయ్యి వేసి నిలబడ్డ ఫోటోలో ఆమె మొహం నిండుగా పడింది. సంవత్సరీకం నాటికి దాన్ని పటం కట్టించుకోవాలని ఆయన కోరిక. ఆల్బమ్ కోసం చేసిన జేపెగ్ చిన్నది. పటం సైజుకు సాగదీస్తే మొహం చెదిరిపోతుంది. కెమెరాలోంచి వచ్చిన అసలు రా ఫైలు కావాలి. హార్డ్ డిస్క్ బీరువాలో భద్రంగానే ఉంది, రా ఫైళ్లలో ఒక్కటీ పోలేదు. కానీ ఆల్బమ్ ఫోల్డర్‌లో ఆ ఫోటో పేరు 0632. రా ఫైళ్లలో ఆ అంకె ఉన్నదాన్ని తెరిస్తే పందిట్లో కట్టిన అరటి గెల కనిపించింది. అప్పగింతలప్పుడు ముగ్గురు ఫోటోగ్రాఫర్లు తీసినవి మూడు వందలకు పైగా ఉన్నాయి, వాటిలో సగం ఒకేలా ఉన్నాయి. ఒకదాంట్లో ఆమె కళ్లు వాలి ఉన్నాయి, ఇంకోదాంట్లో పెదవి బిగబట్టి ఉంది. ఆయనకు కావలసింది ఆ ఆల్బమ్‌లోని ఒక్కటే. రెండు రాత్రులు కూర్చుంటే దొరికింది. ఆ మధ్యలో ఆయన వచ్చి అడిగిన మాట నాకు ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది. "ఫోటో ఉన్నదంటానవు గద బిడ్డా, ఉన్నదాన్ని ఇచ్చెటందుకు ఇంత ఆలస్యమేంది?"

ఆయనకు నేనేం చెప్పాలి? ఫైలు పోలేదు. డిస్క్ చెడలేదు. వైరస్ రాలేదు. ఈ చిన్న ఫోటో ఆ పెద్ద ఫోటో నుంచి పుట్టిందని చెప్పే ఒకే ఒక్క ఆనవాలును మా చేతులతో మేమే చెరిపేశాం. అదీ ఆయన అడిగితే కాదు, ఆయనకు తెలియకుండా.

మన తెలుగువాళ్లలో ఇంటిపేరు ముందు వస్తుంది, పెట్టిన పేరు తర్వాత వస్తుంది. ఇంటిపేరుకు అర్థమేమిటని ఎవరూ నిలదీయరు. చాలా ఇంటిపేర్లకు అర్థం ఆ ఇంటివాళ్లకే తెలియదు. అయినా దాన్నెవరూ వదులుకోరు, ఎందుకంటే ఈ మనిషి ఏ ఇంటివాడో చెప్పేది అదే. కెమెరా ఇచ్చే పేరు ఫోటోకు ఇంటిపేరు. 1998లో వచ్చిన డీసీఎఫ్ ప్రమాణం కెమెరా ఫైళ్లకు ఈ పద్ధతి పెట్టింది. నాలుగు అక్షరాలు, నాలుగు అంకెలు. అంకె 9999 దాకా వెళ్లి మళ్లీ 0001కి వస్తుంది. ఇందులో అందం కోసం పెట్టింది ఏమీ లేదు. ఏ ఫ్రేమ్ తర్వాత ఏ ఫ్రేమ్ తీశారో ఆ అంకె చెబుతుంది. డీఎస్‌సీ_4417కు అర్థం లేదనేవాళ్లు, దాని పక్కన 4416, 4418 కూడా ఉన్నాయన్న సంగతి మరిచిపోతున్నారు. ఆ ఇరుగుపొరుగే దాని అర్థం.

రీలు కెమెరాల కాలంలో పనిచేసిన పెద్దలకు ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు. నెగెటివ్ అంచున కంపెనీ అచ్చువేసిన ఫ్రేము అంకె ఉండేది. కవరు మీద కస్టమర్ వివరాలూ ఒక నంబరూ, రిజిస్టర్‌లో అదే నంబరు. పదేళ్ల తర్వాత వచ్చి "మా నాన్న ఫోటో ఇంకో కాపీ కావాలి" అంటే రిజిస్టర్ తిప్పి కవరు తీసేవారు. సికిందరాబాద్‌లో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్ తీసిన ప్రింట్లు చూడండి. చాలావాటి మీద నెగెటివ్‌లోనే గీసిన అంకె కనిపిస్తుంది. ఎన్ని ప్రింట్లు తీసినా, ఎవరి ఇంటికి చేరినా ఆ అంకె ఫోటోతోపాటే వెళ్లింది. గాజు పలకల కాలంలో ఆయన చేతిరాతతో చేసిన పనిని మన కెమెరాలు అడక్కుండానే చేసిపెడుతున్నాయి. దాన్ని మనం కూర్చుని చెరుపుతున్నాం.

ఇప్పుడు వాదనలను ఒక్కొక్కటిగా చూద్దాం. మొదటిది, కస్టమర్‌కు ముచ్చటైన పేరు కావాలన్నది. నా పద్దెనిమిదేళ్లలో ఫైలు పేరు అందంగా లేదని అలిగిన కస్టమర్‌ను నేను చూడలేదు. నంబర్లు కలవక పోట్లాడినవాళ్లను మాత్రం చాలామందిని చూశాను. మన దగ్గర ఆల్బమ్ పని ఎలా నడుస్తుంది? సైజు తగ్గించిన ఫోటోలను పెన్‌డ్రైవ్‌లో వేసి ఇంటికి పంపుతాం. ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చొని సెలెక్షన్ చేస్తారు. మేనత్త ఉన్నది ఒకటి, ఎదుర్కోళ్లవి నాలుగు, తలంబ్రాలవి పది అని నోటుపుస్తకం కాగితం మీద నంబర్లు రాసి పంపుతారు. ఆ కాగితమే డిజైనర్‌కు ఆజ్ఞ. పెన్‌డ్రైవ్‌లోని నంబరూ అసలు ఫైలు నంబరూ ఒకటే అయితే పది నిమిషాల్లో ఫోటోలన్నీ ఒక ఫోల్డర్‌లోకి వస్తాయి. కాకపోతే ప్రతి ఫోటోనూ కళ్లతో పోల్చుకోవాలి. అక్కడే మేనత్త ఫోటో తప్పిపోతుంది, ఆల్బమ్ వచ్చాక ఆ ఇంట్లో మాట పట్టింపులు మొదలవుతాయి. ముచ్చటైన పేరు కావాలంటే పెట్టుకోండి. ఇంటిపేరు తర్వాత పెట్టుకోండి. డీఎస్‌సీ_4417 పక్కన 'అప్పగింతలు' అని చేరిస్తే ఏ కస్టమరూ కాదనడు.

ఈ ముచ్చట వెనక ఇంకో కారణం ఉంది, మావాళ్లు గట్టిగా చెప్పరు. నంబర్లు వదిలేస్తే మధ్యలో ఖాళీలు కనిపిస్తాయి. 4412 ఉంది, 4415 ఉంది, మధ్యవి రెండూ ఏమైనాయని కస్టమర్ అడుగుతాడు. ఆ ప్రశ్న రాకుండా 001 నుంచి వరుసగా అంకెలు వేసేస్తే అంతా నిండుగా కనిపిస్తుంది. ఈ భయం నాకు అర్థమవుతుంది. కానీ కళ్లు మూసినవీ, కదిలిపోయినవీ, ఒకేలా వచ్చినవీ తీసేశామని చెప్పడం తప్పేమీ కాదు. ఏరి ఇవ్వడం మన పనిలో భాగం. పనితనం దాచుకోవలసిన విషయం ఎప్పటినుంచి అయింది? రెండు నిమిషాల జవాబు తప్పించుకోవడానికి ఆ కుటుంబపు ఫోటోలన్నిటికీ మూలంతో సంబంధం తెంచడం న్యాయం కాదు.

రెండోది, తేదీ సమయం ఫైలు లోపలే ఉంటాయన్న ధీమా. ఉంటాయి, ఎవరూ తీసెయ్యకపోతే. ఫోటోషాప్‌లో సేవ్ ఫర్ వెబ్ దారిన పంపితే, ప్రత్యేకంగా చెప్పకపోతే కెమెరా వివరాలు రాలిపోతాయి. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే వివరాలూ పోతాయి, పేరూ పోతుంది. డాక్యుమెంట్‌గా పంపితే రెండూ నిలుస్తాయి. వివరాలు మిగిలాయే అనుకుందాం. పెళ్లిలో మూడు కెమెరాలుంటే మూడింటి గడియారాలూ ఒకే సమయం చూపిస్తున్నాయని ఎవరు సరిచూశారు? బ్యాటరీ మార్చినప్పుడు గడియారం వెనక్కి పోయిన కెమెరాలు నేను చూశాను. తలంబ్రాలప్పుడు బటన్ నొక్కి పట్టుకుంటే సెకనుకు ఎనిమిది, పది ఫ్రేములు పడతాయి. విండోస్‌లో ప్రాపర్టీస్ తెరిస్తే కనిపించే సమయం నిమిషం దాకానే. ఆ ఒక్క నిమిషంలో వంద ఫోటోలుంటే మీ సమయం ఏ ఫోటోను చూపుతుంది? ఫైలు లోపలి వివరం పేరుకు తోడుగా పనికొస్తుంది. పేరు స్థానంలో కూర్చోలేదు.

మూడోది, కెమెరా ఇచ్చే పేర్లు ఒకదానితో ఒకటి ఢీకొంటాయన్న వాదన. ఇందులో కొంత నిజముంది, ఒప్పుకుంటాను. రెండు నికాన్ కెమెరాలు తెస్తే రెండింటిలోనూ డీఎస్‌సీ_0001 ఉంటుంది. ఒకే కెమెరాతో వరసగా పెళ్లిళ్లు తీస్తూ పోతే అంకె తిరిగి మొదటికొస్తుంది. అన్నీ ఒకే ఫోల్డర్‌లో పోస్తే ఒకదాని మీద ఒకటి పడతాయి. పైగా సరిచేసిన జేపెగ్‌ను అదే పేరుతో అదే ఫోల్డర్‌లో దాస్తే అసలు జేపెగ్ మాయమవుతుంది. ప్రమాదాలు నిజమైనవే. కానీ ఇద్దరు పిల్లలకు ఒకే పేరుంటే ఇంటిపేరు చేర్చి పిలుస్తాం, ఇద్దరి పేర్లూ తీసేసి నంబర్లు వెయ్యం. కార్డు దింపుకునేటప్పుడే, ఏ ఎడిటింగూ మొదలుకాకముందే, ఒక్కసారి మాత్రమే పేరుకు ముందు తేదీ, కెమెరా గుర్తు చేర్చండి. 20250216_ఎ_డీఎస్‌సీ_4417. రెండో కెమెరాకు 'బి'. కెమెరా ఇచ్చిన భాగం అలాగే ఉంటుంది. చాలా కెమెరాల్లో ఆ మొదటి అక్షరాలను ముందే మార్చుకునే వీలు కూడా ఉంది. ఆ క్షణం నుంచి అదే మూలనామం. సరిచేసిన కాపీలు వేరే ఫోల్డర్‌లోకి వెళ్లాలి, లేదా పేరు చివర ఒక ముక్క చేరాలి. ఇంతటితో ఢీకొనడమూ పోయింది, చెరిగిపోవడమూ పోయింది.

నాలుగోది, మొహం చూసి వెతికే సాఫ్ట్‌వేర్లు వచ్చాయన్న మాట. అవి పోలికను వెతుకుతాయి. మనకు కావలసింది ఆ ఒక్క ఫ్రేమ్. పెళ్లికూతురి మొహం ఆ రోజు రెండు వేల ఫోటోల్లో ఉంటుంది, అన్నీ పోలినవే. ఇది అర్థం కావాలంటే వరంగల్ కోటకు వెళ్లండి. స్వయంభూ గుడి చుట్టూ నాలుగు దిక్కులా నాలుగు కీర్తి తోరణాలున్నాయి. నాలుగూ దాదాపు ఒకే పోలిక. తెలంగాణ ప్రభుత్వ చిహ్నంలో ఉన్నది ఆ తోరణమే. ఒక ఫోటోగ్రాఫర్ పొద్దున్నించీ నాలుగింటినీ దగ్గరి నుంచి తీసి, నచ్చిన నలభై ఏరి, 'తోరణం_01' నుంచి 'తోరణం_40' దాకా పేర్లు పెట్టాడనుకోండి. ఏళ్లు గడిచాక ఒక పరిశోధకుడు వచ్చి ఈ పగులు ఏ దిక్కు తోరణంలో ఉందని అడిగితే ఎవరు చెప్పగలరు? అసలు అంకె ఉంటే చెప్పవచ్చు. 2210లో తోరణం దగ్గరగా ఉంటే, 2207లో దూరంగా నిలబడి చుట్టుపక్కల అంతా కలిపి తీసి ఉంటాడు. పక్క ఫ్రేమే సాక్ష్యం చెబుతుంది. వరుస అంకెలు కొత్తగా వేస్తే ఆ పక్క ఫ్రేముకు దారి మూసుకుపోతుంది.

సాక్ష్యం అన్నాను కాబట్టి కోర్టు సంగతీ చెప్పాలి. రోడ్డు ప్రమాదాలకూ, స్థలం గొడవలకూ, కూలిన గోడలకూ మన స్టూడియోవాళ్లే వెళ్లి ఫోటోలు తీస్తారు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 63వ సెక్షన్ ఎలక్ట్రానిక్ రికార్డులకు సంబంధించింది. దాని కింద ఇచ్చే సర్టిఫికెట్‌లో ఫైలు హ్యాష్ విలువ రాయాలి. హ్యాష్ అంటే ఫైలు లోపలి సరుకుకు వేలిముద్ర లాంటిది. పేరు మారిస్తే హ్యాష్ మారదు గదా అని మావాళ్లు అంటారు. ఆ మాట నిజమే. కానీ బ్యాచ్‌లో వెలుగు కాస్త పెంచినా హ్యాష్ మొత్తం మారిపోతుంది, పాతదానికీ కొత్తదానికీ పోలికే ఉండదు. చూడ్డానికి వీలుగా సరిచేసిన కాపీకి అసలు ఏదో చూపమంటే వేలిముద్ర నోరు విప్పదు. ముందు ఆ అసలు ఫైలు మన చేతికి దొరకాలి. దాని దగ్గరికి తీసుకెళ్లే దారి పేరే.

రోజువారీ పనిలోనూ అంతే. రా ఫైలు మీద చేసిన దిద్దుబాట్లు పక్కనే ఎక్స్‌ఎంపీ అనే చిన్న ఫైలులో ఉంటాయి. ఆ రెండింటినీ కలిపేది ఒకే పేరు. ఒకదాని పేరు మార్చి రెండోదాన్ని వదిలేస్తే గంటల తరబడి చేసిన రంగుల పని కనిపించకుండా పోతుంది. లైట్‌రూమ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ఫోటోలకు బయట పేర్లు మారిస్తే అది వాటిని తప్పిపోయినవిగా చూపిస్తుంది.

సాఫ్ట్‌వేరే అలా చేస్తుంది, మేమేం చెయ్యగలం అనేవాళ్లూ ఉన్నారు. ఇది అసలు ఒప్పుకోలేను. లైట్‌రూమ్ ఎక్స్‌పోర్ట్‌లో పేరు మార్చమని మనం టిక్ పెడితే తప్ప పేరు మారదు. ఫోటోషాప్ ఇమేజ్ ప్రాసెసర్ పాత పేరుతోనే వేరే ఫోల్డర్ చేసి దాస్తుంది. అదే ఫోటోషాప్ బ్యాచ్ కిటికీలో పేరు గడిలో మొదట ఉండేది 'డాక్యుమెంట్ నేమ్'. దాన్ని తీసేసి అంకెలు పెట్టేది మనమే. బ్రిడ్జ్ అనే సాఫ్ట్‌వేర్‌లో పేర్లు మార్చక తప్పకపోతే, పాత పేరును ఫైలు లోపల దాచిపెట్టే టిక్ ఒకటి అక్కడే ఉంది. ఒక్కచోట మాత్రం జాగ్రత్త పడాలి. ఫోటోషాప్‌లో యాక్షన్ రికార్డు చేసేటప్పుడు సేవ్ యాజ్ దగ్గర పేరు టైపు చేస్తే, ఆ పేరు కూడా రికార్డవుతుంది. తర్వాత ఆ యాక్షన్ నడిపినప్పుడల్లా ప్రతి ఫోటోనూ అదే పేరుతో దాయబోతుంది, ఒకదాని మీద ఒకటి పడతాయి. అందుకే రికార్డు చేసేటప్పుడు పేరు ముట్టుకోకూడదు, బ్యాచ్‌లో యాక్షన్ తాలూకు సేవ్ యాజ్‌ను పక్కన పెట్టే 'ఓవర్‌రైడ్' టిక్ పెట్టాలి. ఇది నేర్చుకోవడానికి ఒక పూట చాలు. సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్లు పేరును కాపాడే దారి అన్నిచోట్లా వదిలారు. తప్పు మన అలవాటుది.

మూలాన్ని కాపాడుకుంటూ కొత్తదాన్ని నిలబెట్టడం ఈ నేలకు కొత్త కాదు. పాత కట్టడాన్ని విప్పేవాళ్లు మొదట ప్రతి రాయికీ నంబరు వేస్తారు. ఆ నంబరు పోతే రాళ్లుంటాయి, మండపం ఉండదు. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని విప్పి, ఏళ్లపాటు శ్రమించి మళ్లీ నిలబెట్టారు. 2024 శివరాత్రి నాడు అది తెరుచుకుంది. పాలంపేట గుడిని చూడండి. కట్టించినవాడు గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు, దేవుడు రుద్రేశ్వరుడు. జనం నోట అది రామప్ప గుడి, చెక్కిన శిల్పి పేరని చెప్పుకుంటారు. ఆ పిలుపు ఎంత తియ్యగా ఉన్నా 1213 నాటి శాసనం అక్కడే నిలబడి మూలనామం చెబుతూ ఉంది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు రెండు పేర్లూ రాశారు, కాకతీయ రుద్రేశ్వర (రామప్ప) ఆలయం అని. ముద్దుపేరు వచ్చిందని మూలనామాన్ని చెక్కెయ్యలేదు. మన ఫోల్డర్లకు కావలసిన నియమం సరిగ్గా అదే.

వరంగల్ ఫోటోగ్రాఫర్లకూ, డిజైనర్లకూ, ల్యాబులు నడిపే పెద్దలకూ నా విన్నపం ఇది. మన హార్డ్ డిస్కుల్లో ఉన్నవి మన సరుకు మాత్రమే కాదు. అందులో ఇప్పుడు లేని తల్లులున్నారు, ముసలివాళ్లయిన తండ్రులున్నారు, విడిపోయిన ఇళ్లు ఒకే పందిట్లో నవ్వుతున్న రోజులున్నాయి. వాళ్లు ఎప్పుడో ఒకరోజు వచ్చి ఒక్క ఫోటో అడుగుతారు. అప్పుడు ఇవ్వగలగడమే మన వృత్తికి మర్యాద. పెళ్లి చేసే ఇంటివాళ్లకూ ఒక మాట. పెన్‌డ్రైవ్ తీసుకున్నప్పుడు ఫోటోలతోపాటు పేర్లూ చూడండి. కెమెరా నంబరు లేకపోతే ఎందుకు లేదని అడగండి, అది మీ హక్కు.

ఈసారి బ్యాచ్ నడిపేముందు ఆ పేరు గడిలో ఏముందో ఒక్కసారి చూడండి. 'డాక్యుమెంట్ నేమ్' అని ఉంటే దాన్ని అలాగే ఉండనివ్వండి.